ఏరు దాటించే ఆట: చిన్నారి హాకీ ఆటగాళ్లకు పాస్ ఇవ్వడం, పాస్ పట్టడం ఒకేసారి నేర్పే పద్ధతి

ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, బంతిని ఒకరికొకరు తోసుకోమంటే చక్కగా తోసుకుంటారు. పది నిమిషాలు చూస్తే పాస్ వచ్చేసిందనే అనిపిస్తుంది. అదే పిల్లలు మ్యాచ్‌లోకి దిగగానే బంతిని నేరుగా ఎదుటి జట్టువాడి స్టిక్ మీదికి తోస్తారు. చేతులకు పని వచ్చింది, కళ్లకు రాలేదు. ఎవరూ అడ్డులేని చోట నేర్చుకున్న పాస్‌కి దారి వెతుక్కునే అవసరమే పడలేదు మరి.

అందుకని నేను పాస్ నేర్పే మొదటి వారం నుంచే మధ్యలో ఎవరో ఒకరిని నిలబెడతాను. ఆ మధ్యలో ఉన్నవాళ్లకు కూడా పాయింట్లు ఇస్తాను, అదీ పాస్ ఇచ్చేవాళ్లకంటే ఎక్కువ. కింద చెప్పే ఆట మొత్తం ఈ రెండు ఆలోచనల మీదే నడుస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలకు బాగా సరిపోతుంది. అంతకంటే చిన్నవాళ్లకు చేయాల్సిన మార్పులు చివర్లో చెబుతాను.

ఆట ఏమిటంటే

మధ్యలో ఒక ఏరు, అటూ ఇటూ రెండు గట్లు. గట్ల మీద నలుగురేసి పిల్లలు, ఏట్లో రెండు మొసళ్లు. గట్టు మీది పిల్లలు తమలో తాము పాస్‌లు ఇచ్చుకుంటూ, సందు దొరకగానే బంతిని అవతలి గట్టుకు దాటించాలి. మొసళ్లు దాన్ని మధ్యలోనే పట్టాలి. గట్టు మీది వాళ్లు ఏట్లో దిగకూడదు, మొసళ్లు గట్టెక్కకూడదు. పిల్లలకు ఇంతవరకు చెబితే చాలు. మిగతావి ఆడుతూ ఉండగా ఒక్కొక్కటే చెప్పాలి. మొదట్లోనే నియమాలన్నీ ఏకరువు పెడితే సగం మంది మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంటారు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

పద్నాలుగు పదహారు కోన్లు, జట్టు తెలిసేలా చొక్కా మీద తొడుక్కునే బిబ్‌లు రెండు రంగుల్లో, ఒక విజిల్, కనీసం ఐదారు బంతులు. బంతులు ఎక్కువ అని ఎందుకంటున్నానంటే, ఒక్క బంతితో ఆడిస్తే సగం సమయం దాన్ని తేవడానికి పరుగెత్తడంతోనే సరిపోతుంది. మీ కాళ్ల దగ్గర బంతులు ఉంటే ఒకటి బయటికి పోగానే ఇంకొకటి లోపలికి వదలొచ్చు.

మోకాలి కింది ఎముకను కాపాడే షిన్ గార్డులు, పళ్లను కాపాడే మౌత్ గార్డ్ లేని పిల్లల్ని ఏట్లోకి పంపకండి. ఇందులో మినహాయింపు లేదు. అసలు హాకీ బంతి 156 నుంచి 163 గ్రాముల బరువుండే గట్టి బంతి. మొసలి దానికి ఎదురుగా నిలబడాలి. కొత్తగా చేరిన పిల్లలుంటే మొదటి కొన్ని రోజులు మెత్తటి, తేలికపాటి బంతి వాడండి. భయపడే పిల్లవాడు బంతి వచ్చే క్షణంలో మొహం తిప్పేసుకుంటాడు. మొహం తిప్పుకునే అలవాటు ఒకసారి పడితే మాన్పించడం చాలా కష్టం.

స్టిక్ పొడవు కూడా ఒకసారి చూడండి. నిలబెట్టినప్పుడు తుంటి ఎముక దాకా వస్తే సరిపోతుంది. అన్నదో అక్కదో పొడవాటి స్టిక్ పట్టుకొచ్చిన పిల్లలు వంగలేరు, వంగకపోతే ఈ ఆటలో ఏదీ కుదరదు.

మొదటి అడుగు: గీతలు గీయడం

20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రం తీసుకోండి. పొడవును మూడు ముక్కలు చేయండి: ఈ గట్టు 7 మీటర్లు, ఏరు 6 మీటర్లు, ఆ గట్టు 7 మీటర్లు. ఏటికి రెండు చివర్లలో, అంటే పక్క గీతల మీద, కోన్లతో రెండేసి మీటర్ల చిన్న గేటు పెట్టండి. అవి మొసళ్ల కోసం. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

పూర్తి హాకీ మైదానం ఉంటే దాని 55 మీటర్ల వెడల్పులో, వెనక గీతకూ 23 మీటర్ల గీతకూ మధ్య ఇలాంటివి రెండు పక్కపక్కనే విశాలంగా పడతాయి. అంటే ఇరవై మంది పిల్లలు ఒకేసారి ఆడొచ్చు. మూడోది కూడా ఇరికించాలని అనిపిస్తుంది, కానీ వద్దు. ఒక ఆటలోంచి తప్పించుకున్న బంతి పక్క ఆటలో వీపు తిప్పి ఉన్న పిల్లల కాళ్లకు తగులుతుంది. మైదానం లేకపోతే రాళ్లు ఏరేసిన చదునైన నేల చాలు, కానీ గడ్డి ఎత్తుగా ఉంటే బంతి మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు ఏటి వెడల్పు 4 మీటర్లకు తగ్గించండి.

రెండో అడుగు: పుష్, ట్రాప్, ఐదు నిమిషాలు

ఈ ఆటలో పుష్ పాస్ ఒక్కటే. స్టిక్ వెనక్కి ఊపి కొట్టడం నిషేధం. అంత దగ్గరలో కొట్టడం ప్రమాదమని మాత్రమే కాదు, కొట్టేముందు స్టిక్ పైకి లేస్తే బంతి ఎటు వెళ్తుందో మొసలికి ముందే తెలిసిపోతుంది. పుష్‌లో ఆ హెచ్చరిక ఉండదు.

ఎడమ చెయ్యి స్టిక్ పైభాగాన, కుడి చెయ్యి దాదాపు సగం కిందికి. ఎడమ భుజం పాస్ వెళ్లాల్సిన వైపు. బంతి స్టిక్‌కు అంటుకునే ఉండాలి, మధ్యలో సందు ఉంటే అది పుష్ కాదు, చిన్న దెబ్బ. బరువు వెనక కాలి మీంచి ముందు కాలి మీదికి మారుతుంటే ఆ ఊపులో బంతి జారుకుంటూ వెళ్లాలి. "తోసెయ్, కొట్టకు" అన్న రెండు మాటలే నేను వాడతాను. ఇంతకంటే చెబితే చిన్నపిల్లలు బిగుసుకుపోతారు.

ట్రాప్ అంటే వచ్చే బంతిని స్టిక్‌తో ఆపి నిలపడం. అది చేసేటప్పుడు స్టిక్ పిడి కొద్దిగా ముందుకు, బంతి వచ్చే వైపు వంగి ఉండాలి. నిటారుగానో వెనక్కో ఉంటే బంతి తగిలి పైకి లేస్తుంది. చేతులు వదులుగా ఉంచి, తగిలే క్షణంలో స్టిక్‌ను ఒక్క పిసరు వెనక్కి తీసుకోమనండి. చప్పుడు వినమనండి. టక్కుమని గట్టిగా మోగితే బంతి ఎగిరిపోయిందని అర్థం. మెత్తగా వినిపిస్తే నిలిచింది. పిల్లలు ఈ చప్పుడు పాఠాన్ని చాలా ఇష్టపడతారు.

స్టిక్ చదునైన వైపుతోనే ఆడాలనీ, గుండ్రటి వెనకవైపు తగిలితే తప్పనీ, కాలికి తగిలినా తప్పేననీ ఇక్కడే ఒకసారి గుర్తుచేసి ఆటలోకి వెళ్లిపోండి.

మూడో అడుగు: ఆట మొదలు

పది మందిని ఐదు జంటలుగా విడదీయండి. ఒక జంట మొసళ్లు, మిగతా నాలుగు జంటలు రెండు గట్లకు. 90 సెకన్లకొకసారి విజిల్ వేసి మొసళ్లను మార్చండి. మార్పులతో కలిపి పది నిమిషాల్లో అందరూ ఒకసారి మొసళ్లవుతారు. బంతి పోగొట్టుకున్నవాడే మొసలి అవ్వాలనే పద్ధతి పెట్టకండి. అలా చేస్తే మొసలి కావడం శిక్ష అవుతుంది, ఆట నేర్వని పిల్లవాడే సాయంత్రమంతా మధ్యలో మిగిలిపోతాడు.

పాయింట్ల లెక్క ఇది. బంతి ఏరు దాటి, అవతలి గట్టు మీద గీత దాటిపోకుండా ట్రాప్ అయితే గట్ల వాళ్లకు ఒకటి. మొసలి బంతిని ఏట్లోనే పూర్తిగా ఆపి తన అదుపులోకి తెచ్చుకుంటే మొసళ్లకు రెండు. ఆపిన తర్వాత మీరు మూడు లెక్కపెట్టేలోగా పక్కనున్న చిన్న గేటులోంచి తోస్తే ఇంకొకటి. స్టిక్‌కు తగిలి ఎటో ఎగిరిపోతే సున్నా, బంతి గట్టుకే తిరిగి వెళ్తుంది.

ఈ చివరి నియమం దగ్గర పిల్లలు గొడవపెడతారు. "నాకు తగిలింది కదా!" అంటారు. తగలడానికి పాయింట్ ఇస్తే పిల్లలు కొరడాలా స్టిక్ విసరడం నేర్చుకుంటారు. ఆపడానికి ఇస్తే రెండు చేతులా స్టిక్ పట్టుకుని బంతి దారిలోకి కాళ్లతో వెళ్లడం నేర్చుకుంటారు. మ్యాచ్‌లో దారితప్పిన బంతి మళ్లీ ఎదుటి జట్టుకే దొరకొచ్చు. ఆపిన బంతి మన దాడికి మొదలు. గేటు పెట్టింది కూడా అందుకే. పట్టగానే తల ఎత్తి తర్వాత ఎక్కడికి అని చూసే అలవాటు పడాలి.

మోకాలికి పైగా లేచిన ప్రతి పాస్‌కీ మొసళ్లకు ఒక పాయింట్ ఇవ్వండి. రెండు మూడు సార్లు పోగొట్టుకున్నాక పిల్లలు తమంతట తామే బంతిని నేల మీద ఉంచుతారు. మీరు అరవక్కర్లేదు.

మొసళ్లకు నేర్పాల్సినవి

ఆటంతటిలోకీ సారమున్న భాగం ఇదే, మామూలుగా శిక్షణలో దీన్నే వదిలేస్తాం. పిల్లల్ని మధ్యలో వదిలి "పట్టు, పట్టు" అంటాం తప్ప ఎలా పట్టాలో చెప్పం.

మొదటి రౌండ్‌లో మొసళ్లిద్దరూ బంతి వెంట అటూ ఇటూ పరుగెత్తి నలభై సెకన్లకే ఆయాసపడతారు. అప్పుడు ఆట ఆపి ఒక్క ప్రశ్న అడగండి: "బంతి కదలకముందే అది ఎటు వెళ్తుందో ఎలా తెలుస్తుంది?" కాసేపు ఆలోచించనివ్వండి. కళ్లు చూస్తే తెలుస్తుందని ఒకరంటారు, కాళ్లు చూస్తే అని ఇంకొకరు. రెండూ నిజమే. పాస్ ఇచ్చేవాడి ఎడమ భుజం, ముందు కాలు ఎటు తిరిగితే చాలావరకు బంతీ అటే. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: తోసే ముందు వాడు తల దించి బంతిని చూస్తాడు. ఆ అర సెకను వాడికి మైదానం కనపడదు. మొసలి కదలాల్సింది సరిగ్గా అప్పుడు. అంతకుముందే కదిలితే వాడు చూసి పాస్ మార్చుకుంటాడు, ఆ తర్వాత కదిలితే బంతి దాటిపోతుంది.

నా దగ్గర ఆడిన పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. పరుగులో అందరికంటే వెనక. మొసలిగా మాత్రం ఆమెను దాటించడం ఎవరి తరమూ కాలేదు. ఏం చేస్తున్నావని అడిగితే, "వాళ్లు కిందికి చూడగానే నేను వెళ్తా" అంది. ఎవరూ నేర్పకుండానే కనిపెట్టుకుంది. అప్పటినుంచి ఆ మాటనే నేను మిగతా పిల్లలకు చెబుతున్నాను.

నిలబడే తీరు: మోకాళ్లు వంచి, స్టిక్ తల నేలకు ఆనించి, రెండు చేతులతో, తన కుడి ముందు వైపు. భుజం మీద స్టిక్ పెట్టుకుని నిలబడ్డ మొసలి దాన్ని నేలకు దించేలోపు బంతి గట్టు చేరుతుంది.

ఎక్కడ నిలబడాలనేది కొంచెం లోతైన విషయం. హాకీలో కుడిపక్కన స్టిక్ అందినంత బలంగా ఎడమపక్కన అందదు. ఎడమవైపు వచ్చే బంతికి స్టిక్ తిప్పి రివర్స్‌తో ఆపాలి, చిన్న చేతులకు అది కష్టం. అందుకని పాస్ వచ్చేలా కనిపించే దారికి కొంచెం తన ఎడమకు జరిగి నిలబడమని చెప్పండి. అప్పుడు ఆ దారి తన కుడి కాలి ముందు, స్టిక్ ఉన్నచోటే పడుతుంది. ఎడమవైపు సందు కావాలనే వదిలి, పాస్ ఇచ్చేవాడికి ఆశ చూపించి, వాడు తల దించగానే అటు ఒక్క అడుగు వేసి పట్టే మొసళ్లు కూడా తయారవుతారు. పదేళ్ల పిల్లలు ఇలా వల పన్నడం చూస్తే ఎంత సంతోషమో చెప్పలేను.

ఇద్దరు మొసళ్లూ ఒకే గీత మీద నిలబడకూడదు. ఒకరు బంతికి కాస్త దగ్గరగా, రెండోవాళ్లు రెండడుగులు వెనగ్గా, ఏటవాలుగా ఉండాలి. మొదటివాళ్ల పక్కనుంచి జారిన బంతి రెండోవాళ్లకు దొరుకుతుంది. 15 మీటర్ల వెడల్పంతా ఇద్దరూ కాయలేరు, కాయాలని ప్రయత్నిస్తే మధ్యలో పెద్ద సందు పడుతుంది. బంతి ఏ వైపు ఉంటే ఇద్దరూ ఆ వైపు జరిగి, దూరపు మూలను వదిలేయాలి. ఆ మూలకు వెళ్లే పాస్ పొడవు, అది చేరేలోపు జరగడానికి సమయం ఉంటుంది.

గట్టు మీది వాళ్లకు నేర్పాల్సినవి

మొసళ్లు తెలివిమీరాక గట్టు వాళ్లు ఓడిపోవడం మొదలవుతుంది. అప్పటిదాకా వీళ్లకేమీ చెప్పకండి. అవసరం వచ్చాక చెప్పిన మాటే తలకెక్కుతుంది.

ముందు పక్కపాస్‌ల విలువ చూపించండి. గట్టు మీద ఎడమ చివరనుంచి కుడి చివరకు రెండు వేగమైన పాస్‌లు వెళ్తే మొసళ్లు జరగాలి. జరుగుతున్నప్పుడు సందు పడుతుంది. పాస్ మొసళ్ల కంటే వేగంగా జరగాలి, అంతే కిటుకు. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే సందు పూడిపోతుంది. రెండో రౌండ్ నుంచి గట్టు మీద నాలుగు పాస్‌లకు మించకుండా దాటించాలని పరిమితి పెట్టండి.

మొసలికి చెప్పిన కుడి ఎడమల సంగతి వీళ్లకూ చెప్పాలి. ఎదురుగా ఉన్న మొసలి ఎడమవైపు అంటే మనకు కుడివైపు. సందులు రెండూ సమానంగా కనిపిస్తే కుడివైపుదే నయం.

అవతలి గట్టు పిల్లలు మొసలి వెనక దాక్కున్నట్టు నిలబడిపోతారు, బంతి వచ్చే దాకా వాళ్లకది తెలియదు కూడా. "నీకు బంతి కనిపిస్తోందా? కనిపించకపోతే బంతికి నువ్వూ కనిపించవు" అని చెప్పండి. రెండడుగులు పక్కకు వేసి, స్టిక్ నేలకు ఆనించి, కావాల్సిన చోటు చూపించాలి. అరవడం కంటే స్టిక్‌తో చూపించడం మేలు, అరిస్తే మొసలికీ వినబడుతుంది.

పాస్ ఇచ్చేసి ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు నిలబడిపోయే పిల్లలు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఇచ్చినవాడు వెంటనే ఇంకో చోటికి జరగాలి, ఎందుకంటే బంతి మరు క్షణంలో మళ్లీ ఇటే వస్తుంది. దీనికి చిన్న నియమం చాలు: పాస్ ఇచ్చాక దగ్గర్లోని గట్టు కోన్‌ను స్టిక్‌తో తాకి రావాలి. ఒక రౌండ్ అలా ఆడించి తీసేయండి. కాళ్లకు అలవాటు మిగులుతుంది.

కాస్త చేయి తిరిగినవాళ్లకు కళ్లతో మోసం చేయడం నేర్పండి. ఎడమకు చూసి కుడికి తోయడం, లేదా తల దించి బంతిని చూసి, తోయకుండా మళ్లీ తల ఎత్తడం. రెండోది మొసళ్లకు పెద్ద దెబ్బ. తల దించగానే కదిలే మొసలి అప్పటికే అడుగు వేసేసి ఉంటుంది.

కష్టం పెంచడం

పది ప్రయత్నాల్లో ఆరేడు దాటుతుంటే ఆట సరైన మట్టంలో ఉన్నట్టు నా లెక్క. తొమ్మిది దాటుతుంటే మైదానం వెడల్పు 12 మీటర్లకు తగ్గించండి. నాలుగే దాటుతుంటే 18కి పెంచండి. పిల్లల్ని మందలించడం కంటే కోన్లు జరపడం వల్ల ఎక్కువ పని జరుగుతుంది.

తర్వాతి మెట్టులో, బంతి ఏ గట్టు మీద ఉంటే ఆ గట్టు మీదికి ఒక మొసలి ఎక్కొచ్చు. రెండో మొసలి ఏట్లోనే ఉండాలి. బంతి దాటగానే ఎక్కినవాళ్లు ఏట్లోకి తిరిగి రావాలి, ఏట్లో ఉన్నవాళ్లు అవతలి గట్టెక్కాలి. "నేను వెళ్తా", "నువ్వు ఉండు" అని మాట్లాడుకోకపోతే ఇద్దరూ వెళ్తారు లేదా ఇద్దరూ ఉండిపోతారు. మాట్లాడటం దానంతటదే వస్తుంది. గట్టు మీద మీదికి వస్తున్న మొసలికి వీపు అడ్డుపెట్టి బంతిని దాచే పిల్లలుంటారు, అది అబ్‌స్ట్రక్షన్. మొసలి బంతికి బదులు ఎదుటివాడి స్టిక్‌ను కొట్టడమూ తప్పే. ఈ మెట్టులో విజిల్ కాస్త ఎక్కువ వాడాల్సి వస్తుంది.

పన్నెండు మంది ఉంటే మూడో మెట్టు. నలుగురేసి మూడు జట్లు, రెండు బిబ్ రంగులు, మూడో జట్టు బిబ్ లేకుండా. మైదానం పొడవు 24, వెడల్పు 18 మీటర్లు: గట్లు తొమ్మిదేసి, ఏరు ఆరు. మొసళ్ల జట్టులో ఇద్దరు గట్టెక్కి ఒత్తిడి పెడతారు, ఇద్దరు ఏట్లో కాస్తారు. ఈ మెట్టులో గేట్లు ఉండవు. ఇక్కడ మాత్రం బంతి పోగొట్టుకున్న జట్టు మొత్తం ఏట్లోకి దిగాలి, పట్టిన జట్టు ఆ గట్టు తీసుకుంటుంది. నలుగురూ కలిసి దిగుతారు కాబట్టి ఏ ఒక్కరికీ చిన్నతనం ఉండదు. మీరు వెంటనే అవతలి గట్టుకు కొత్త బంతి వదలండి. ఆగి ముచ్చట్లు పెట్టుకుంటే ఏమవుతుందో పోగొట్టుకున్న జట్టుకు రెండు సార్లలో తెలిసిపోతుంది. మూడు నిమిషాలకు మించి ఆడించకండి, ఇది బాగా అలసట తెప్పిస్తుంది.

చిన్నవాళ్లకు, బేసి సంఖ్యకు

ఏడేళ్లలోపు పిల్లలకు మెత్తటి బంతి, 4 మీటర్ల ఏరు, ఒక్కటే మొసలి. మొసలి నడవాలే తప్ప పరుగెత్తకూడదు. పాయింట్లు కూడా వద్దు, ఎన్నిసార్లు దాటిందో అందరూ కలిసి గట్టిగా లెక్కపెడితే చాలు.

పదకొండో పిల్లవాడు మిగిలితే పక్కన కూర్చోబెట్టకండి. వాడికి రెండు గట్లకూ చెందిన పడవవాడి పాత్ర ఇవ్వండి. ఏటి అంచున, గేటుకు కొంచెం బయట నిలబడి ఏ గట్టు నుంచి పాస్ వచ్చినా అందుకుని అవతలికి పంపొచ్చు. గట్ల వాళ్లకు సులువవుతుంది కాబట్టి మొసళ్లకు పట్టినప్పుడు మూడు పాయింట్లు ఇవ్వండి.

మొత్తం మీద ఈ ఆటకు అరగంట చాలు. దాని తర్వాత కోన్లన్నీ తీసేసి, నలుగురు నలుగురుగా చిన్న గోల్స్ పెట్టి పది నిమిషాలు మామూలు ఆట ఆడించండి. అందులో ఏమీ చెప్పకండి. పాస్ ఇవ్వబోయే ముందు ఎంతమంది తల ఎత్తి చూస్తున్నారో, బంతి లేనివాళ్లలో ఎంతమంది స్టిక్ నేలకు ఆనించి ఉన్నారో లెక్కపెట్టుకోండి. తర్వాతి రోజు ఏ మెట్టునుంచి మొదలుపెట్టాలో ఆ రెండు అంకెలే చెబుతాయి.